అమ్మానాన్నలకు ఇంటి సేవలా, కేర్ హోమా? ఆస్ట్రేలియా కొత్త ఫీజులతో లెక్క వేసి చూద్దాం

2025 నవంబర్ 1 నుంచి ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ల సంరక్షణకు కొత్త చట్టం అమల్లో ఉంది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటే. అమ్మని ఇంట్లోనే ఉంచుకుని ప్రభుత్వం ఇచ్చే సాయంతో మనిషిని పెట్టుకోవాలా, కేర్ హోమ్‌లో చేర్చాలా, దేనికి ఎంతవుతుంది? ఈ ప్రశ్న రాగానే చాలామంది ఇంటి సేవల ధరలో మన వాటా ఎంతో చెప్పే శాతాల పట్టిక తెరుస్తారు: 5, 17.5, 50, 80. నన్నడిగితే ఆ పట్టిక చివర్లో చూడాల్సింది. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. వారానికి నిజంగా ఎన్ని గంటల సాయం చేతికొస్తుంది? రాత్రిపూట ఎవరు చూసుకుంటారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఫీజుల సంగతి తేల్చడం అంత కష్టం కాదు.

చట్టం వెనక కథ క్లుప్తంగా చెప్తాను. పెద్దవాళ్ల సంరక్షణ ఎలా ఉందో విచారించడానికి 2018లో ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 2021 మార్చిలో తుది నివేదిక బయటపెట్టింది. కేర్ హోమ్‌లలో నిర్లక్ష్యం, ఇంటి సేవల కోసం నెలల తరబడి ఎదురుచూపులు, అన్నీ అందులో ఉన్నాయి. 1997 నాటి చట్టాన్ని పక్కన పెట్టి, పెద్దవాళ్ల హక్కులే పునాదిగా కొత్తది రాయమని ఆ కమిషన్ చెప్పింది. 2024 నవంబర్‌లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. 2025 జూలై 1న మొదలు కావాల్సింది నాలుగు నెలలు వెనక్కి జరిగింది. హక్కులతో పాటు ఫీజుల పద్ధతి కూడా మారింది. నర్సింగ్, వైద్య సంబంధమైన సంరక్షణ ఖర్చు ప్రభుత్వానిది. ఇంటి పని, భోజనం, వసతి లాంటి వాటికి మాత్రం స్థోమత ఉన్నవాళ్లు మునుపటికంటే ఎక్కువ కట్టాలి. కింద వచ్చే అంకెలన్నీ ఈ సూత్రం నుంచి పుట్టినవే.

మీవాళ్లు పాత లెక్కలోనా, కొత్త లెక్కలోనా?

2024 సెప్టెంబర్ 12 నాటికి మీ అమ్మగారికో నాన్నగారికో హోమ్ కేర్ ప్యాకేజీ (ఇంటి సేవల పాత పథకం) నడుస్తున్నా, మంజూరై వరుసలో ఉన్నా, కొత్త ఫీజులు వాళ్లమీద పూర్తిగా పడవు. అప్పుడు ఏమీ కట్టనివాళ్లు ఇంటి సేవలకు ఇప్పుడూ ఏమీ కట్టక్కర్లేదు. అలాగే 2025 నవంబర్ 1కి ముందే కేర్ హోమ్‌లో ఉన్నవాళ్లు పాత ఫీజుల పద్ధతిలోనే కొనసాగుతారు. ఈ తేదీల కాగితాలు తీసి పెట్టుకోండి. ప్రొవైడర్, అంటే సేవలందించే సంస్థ, పంపే కొత్త అగ్రిమెంట్‌లో మిమ్మల్ని ఏ వర్గంలో రాశారో ఆ కాగితాలతో సరిచూడండి. మీరు పాత వర్గంలో ఉంటే కింద చెప్పే శాతాలు మీకు వర్తించకపోవచ్చు.

ఇంట్లో సేవలు: శాతాలకంటే ముందు గంటలు

హోమ్ కేర్ ప్యాకేజీల స్థానంలో వచ్చిన కార్యక్రమం పేరు సపోర్ట్ ఎట్ హోమ్. పాత నాలుగు లెవెల్స్ బదులు ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. మొదలైననాటి అంకెల ప్రకారం ఒకటో లెవెల్‌కి ఏడాదికి సుమారు 10,731 డాలర్లు, నాలుగుకి 29,696, ఎనిమిదికి 78,106. ఈ డబ్బు మూడు నెలలకోసారి విడుదలవుతుంది. అందులో 10 శాతం కేర్ మేనేజ్‌మెంట్ (సేవల్ని ఏర్పాటు చేసి చూసుకునే పని) కింద ముందే పక్కకి పోతుంది. ఆ త్రైమాసికంలో మిగిలిపోయిన దాంట్లో 1,000 డాలర్లు, లేదా త్రైమాసిక బడ్జెట్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకే ముందుకు తీసుకెళ్లొచ్చు. పాతరోజుల్లో లాగా వేలకు వేలు కూడబెట్టి, ఎప్పుడో అవసరానికి వాడుకుందామంటే కుదరదు.

ఇప్పుడు అసలు లెక్క. 78,106 డాలర్లు వినడానికి పెద్ద మొత్తమే. 10 శాతం తీసేసి 52 వారాలకు పంచితే వారానికి సుమారు 1,350. మనిషి వచ్చి చేసే సాయానికి గంటకు 100 డాలర్లు అనుకుందాం. ఇంతకంటే ఎక్కువ తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ లెక్కన వారానికి పదమూడున్నర గంటలు, అంటే రోజుకి రెండు గంటల లోపే. ఇది అన్నిటికంటే పెద్ద లెవెల్. నాలుగో లెవెల్‌కి వారానికి 514 డాలర్లు, అంటే ఐదు గంటలు. ఒకటో లెవెల్‌కి రెండు గంటలు కూడా రావు. శని, ఆదివారాల రేటు ఎక్కువ, పబ్లిక్ హాలిడే అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి వారం చివర్లో మనిషిని పిలిచే ఇంట్లో ఈ గంటలు ఇంకా తగ్గుతాయి.

గంట ధర అంతెందుకంటారా? పాత పద్ధతిలో ప్యాకేజీ మేనేజ్‌మెంట్ ఫీజు, ప్రయాణ ఖర్చు వేరుగా చూపించేవాళ్లు. ఇప్పుడు అవన్నీ గంట ధరలోనే కలవాలి. అందుకే పాత బిల్లులో 70 చూసినవాళ్లకి కొత్త బిల్లులో 100 కనిపించొచ్చు. ఇద్దరు ప్రొవైడర్లను పోల్చేటప్పుడు శాతం గురించి అడగకండి, అది అందరి దగ్గరా ఒకటే. ధరల పట్టిక అడగండి. మంగళవారం పొద్దున స్నానానికి ఎంత, ఆదివారం సాయంత్రం ఎంత, కనీసం ఎంతసేపు బుక్ చేయాలి, ముందురోజు రాత్రి వద్దంటే డబ్బు కట్ అవుతుందా? అరగంట పనికి గంట బుక్ చేయించే చోట బడ్జెట్ సగం నీళ్లపాలవుతుంది.

ఇక శాతాలు. సేవల్ని మూడు రకాలుగా విడగొట్టారు. మొదటిది నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటివి. వీటికి ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు, ఎంత ఉన్నవాళ్లయినా సరే. రెండోది స్వతంత్రంగా బతకడానికి కావాల్సిన సాయం. వ్యక్తిగత సాయం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, ఇంట్లో చూసుకునేవాళ్లకి కాస్త విరామం ఇచ్చే సేవలు ఇందులోకి వస్తాయి. పూర్తి పెన్షన్ వచ్చేవాళ్లు దీనికి 5 శాతం, పెన్షన్ స్థాయి దాటి సొంతంగా బతికేవాళ్లు 50 శాతం కట్టాలి. మూడోది ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం, తోటపని, వంట సాయం. దీనికి 17.5 నుంచి 80 శాతం వరకు. పూర్తిగా కాక కొంత పెన్షన్ వచ్చేవాళ్లు ఈ రెండు కొసల మధ్య వాళ్ల ఆదాయం, ఆస్తుల్ని బట్టి ఎక్కడో ఉంటారు. స్నానం చేయించడాన్ని మొదట రెండో రకంలో పెట్టారు. కొత్త పద్ధతిలో జనానికి బాగా బాధ కలిగించింది ఇదే. మంచం పట్టిన మనిషికి స్నానం చేయించడం వైద్యంలో భాగం కాదంటే ఎవరికైనా మనసు ఒప్పుకోదు. మీరు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేరోజున ఏ సేవ ఏ రకంలో ఉందో వరుసగా అడిగి రాయించుకోండి.

ఎనిమిదో లెవెల్‌లో ఉన్న అమ్మకి వారానికి ఏడు గంటల వ్యక్తిగత సాయం, నాలుగు గంటల ఇంటి పని, మిగతాది నర్సుకి అనుకుందాం. గంటకు 100 లెక్కన, పథకం మొదలైననాటి శాతాలతో, పూర్తి పెన్షన్ ఉంటే ఏడు గంటలకి 35 డాలర్లు, నాలుగు గంటలకి 70, మొత్తం వారానికి 105. పెన్షన్ లేని ధనవంతురాలైతే 350, 320 కలిపి 670. తేడా ఎక్కడుందో చూశారు కదా. ఇంట్లో కోడలో కొడుకో వంట, తుడుపు చూసుకుంటే మూడో రకం ఖర్చు పూర్తిగా పోతుంది. అదే డబ్బు నర్సుకో ఫిజియోకో మళ్లితే ఆ గంటలకి మీ చేతి ఖర్చు సున్నా. మన ఉమ్మడి ఇళ్లలో ఇది నిజంగా పనికొచ్చే సర్దుబాటు. అయితే ఆ పని ఎవరి నెత్తిన పడుతోందో కూడా చూడాలి. చాలా ఇళ్లలో అది ఉద్యోగం చేస్తున్న కోడలి మీదే పడుతుంది, లెక్కలో మాత్రం ఎక్కడా కనిపించదు.

బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, వాకర్, ర్యాంప్ లాంటి వాటికి ఈ బడ్జెట్ వాడక్కర్లేదు, వేరే నిధి ఉంది. ఇంటి మార్పులకు జీవితకాలంలో 15,000 డాలర్ల వరకు ఇస్తారు. చివరి దశలో ఇంట్లోనే ఉండాలనుకునేవాళ్లకు 12 వారాలకు 25,000 డాలర్ల ప్రత్యేక సాయం కూడా ఉంది. ఈ రెండోది చాలామందికి తెలియదు. ఆస్పత్రిలో చివరి దశ సంరక్షణ చూసే పాలియేటివ్ టీమ్‌తో మాట్లాడేటప్పుడు తప్పకుండా అడగండి.

లెవెల్ తేల్చేది అసెస్‌మెంట్, అక్కడే మనవాళ్లు నష్టపోతున్నారు

పెద్దవాళ్ల సేవలకు ప్రభుత్వ సంప్రదింపు కేంద్రమైన మై ఏజ్డ్ కేర్‌కి 1800 200 422లో ఫోన్ చేస్తే, ఎంత సాయం అవసరమో తేల్చే అసెస్‌మెంట్ ఏర్పాటు చేస్తారు. అసెసర్ ఇంటికొస్తారు. ఆరోజు మన అమ్మలు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. పొద్దున్నే లేచి, మంచి చీర కట్టుకుని, వచ్చినావిడకి కాఫీ పెట్టబోతారు. "స్నానం మీరే చేస్తారా?" అంటే "చేసుకుంటానమ్మా, ఏం లేదు" అంటారు. గత నెల బాత్‌రూమ్‌లో జారిపడ్డ సంగతి ఎత్తరు. రాత్రి మూడుసార్లు లేవాల్సి రావడం, చీర తడిసిపోవడం, ఇవి అల్లుడి ముందు చచ్చినా చెప్పరు. అసెసర్ విన్నదే రాసుకుంటారు. వచ్చేది రెండో లెవెల్.

అందుకే మీరు అనువాదం చేయకండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి, ప్రభుత్వ అనువాద సేవ టీఐఎస్ నేషనల్ ద్వారా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చేస్తారు. కొడుకు మధ్యలో ఉంటే అమ్మ మాట సగమే బయటికొస్తుంది, మిగతా సగం కొడుకు మెత్తబరిచి చెప్తాడు. దాని బదులు ఒక వారం ముందు నుంచి కాగితం మీద రాయండి: ఏరోజు ఎన్నింటికి పడ్డారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, మాత్రలు ఎప్పుడు మరిచారు, స్టవ్ ఎప్పుడు ఆపకుండా వదిలేశారు. అసెసర్ చేతికి ఆ కాగితం ఇవ్వండి, వీలైతే గది బయట ఓ పది నిమిషాలు విడిగా మాట్లాడండి. వచ్చిన లెవెల్ సరికాదనిపిస్తే రివ్యూ అడిగే హక్కు ఉంది. ఓపాన్ (OPAN) అనే సంస్థ, నంబర్ 1800 700 600, ఉచితంగా మీ తరఫున మాట్లాడుతుంది.

లెవెల్ వచ్చినా డబ్బు వెంటనే రాకపోవచ్చు, వరుస ఉంటుంది. ఎదురుచూపు ఎక్కువైతే 60 శాతం బడ్జెట్‌తో ముందే మొదలుపెట్టే వీలు కల్పించారు. నిధులు కేటాయించామని ఉత్తరం వచ్చాక 56 రోజుల్లో ప్రొవైడర్‌తో అగ్రిమెంట్ చేసుకోవాలి. ఊరెళ్లి వచ్చాక చూద్దామని ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోకండి.

వారానికోసారి ఇల్లు తుడవడం, ఎప్పుడో ఓసారి కారులో తీసుకెళ్లడం లాంటి చిన్న సాయం చాలనుకుంటే కామన్‌వెల్త్ హోమ్ సపోర్ట్ ప్రోగ్రామ్ ఉంది. ఇది కనీసం 2027 జూలై వరకు విడిగా కొనసాగుతుంది, ఫీజు కూడా తక్కువే. ఓపికున్న దశలో ఇదే సరిపోతుంది.

కేర్ హోమ్: రోజు ఫీజు ఒకటి, గది డబ్బు ఇంకొకటి

కేర్ హోమ్‌లో చేరినవాళ్లందరూ కట్టేది బేసిక్ డైలీ ఫీజు. ఇది ఒంటరి మనిషికి వచ్చే మూల పెన్షన్‌లో 85 శాతం. 2025 సెప్టెంబర్ 20 నాటికి రోజుకి 65.55 డాలర్లు. తిండి, బట్టలు ఉతకడం, కరెంటు ఇందులోవే. ఆస్తి పెద్దగా లేని పూర్తి పెన్షనర్ ఇంత కడితే చాలు, గది ఖర్చు కూడా ప్రభుత్వమే చూసుకుంటుంది. స్థోమత ఉంటే దీనిపైన రెండు కలుస్తాయి. హోటలింగ్ (భోజనం, శుభ్రత లాంటి వాటికి అదనపు వాటా) కింద రోజుకి 22.15 వరకు, నాన్ క్లినికల్ కేర్ (వైద్యం కాని సంరక్షణ) కింద 105.30 వరకు. ఇవి పథకం మొదలైననాటి గరిష్ఠ అంకెలు. మూడూ కలిపితే రోజుకి 193 డాలర్లు, ఏడాదికి 70 వేలు దాటుతుంది, గది ఖర్చు కాకుండానే. ఈ 105.30కి ఒక హద్దు ఉంది. నాలుగేళ్లు, లేదా మొత్తం 1,35,318 డాలర్లు, ఏది ముందైతే అక్కడితో ఆగిపోతుంది. గరిష్ఠంగా కట్టేవాళ్లు మూడున్నరేళ్లలో ఆ హద్దు చేరతారు. ఇంటి సేవలకు కట్టిన వాటా కూడా ఈ జీవితకాల హద్దులో లెక్కకొస్తుంది, కాబట్టి ఆ రసీదులు పారేయకండి.

స్థోమత లెక్కలో మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఇక్కడ సొంత ఇల్లు లేకపోతే ఆస్తి లేనట్టే అనుకుంటారు. కూకట్‌పల్లి ఫ్లాట్, తెనాలి దగ్గర పొలం, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ లెక్క చూసే ప్రభుత్వ సంస్థ సర్వీసెస్ ఆస్ట్రేలియాకి విదేశీ ఆస్తులు కూడా చెప్పాలి. ఇక్కడ సొంత ఇల్లు ఉండి అందులో భార్యో భర్తో ఉంటే, కేర్ హోమ్ లెక్కలో ఆ ఇంటిని కలపరు. ఎవరూ లేకపోయినా దాని విలువలో సుమారు 2 లక్షల 10 వేల డాలర్ల వరకే లెక్కిస్తారు. ఆదాయం, ఆస్తుల వివరాల ఫారం పెట్టకపోతే మాత్రం గరిష్ఠ ఫీజు వేసేస్తారు. కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా మీద వచ్చి ఇంకా పదేళ్లు నిండక పెన్షన్ లేనివాళ్లకు ఇది మరీ ముఖ్యం. "మనకి పెన్షనే లేదు కదా, ఫారం ఎందుకు" అని వదిలేస్తే చేతులారా ఎక్కువ కట్టినట్టే. నిజంగా కట్టలేని పరిస్థితి వస్తే ఆర్థిక ఇబ్బంది కింద సాయం అడగొచ్చు.

గదికి ఒకేసారి కట్టాలా, రోజువారీ కట్టాలా?

దీనిమీదే ఇళ్లలో ఎక్కువ టెన్షన్. స్థోమత ఉన్నవాళ్లు గదికి ధర కట్టాలి. మొత్తం ఒకేసారి డిపాజిట్‌గా కడితే ఆర్‌ఏడీ, అద్దెలాగా రోజుకింత కడితే డీఏపీ, కొంత అదీ కొంత ఇదీ కూడా చేయొచ్చు. ప్రత్యేక అనుమతి లేకుండా అడగగల గరిష్ఠ ధరని 2025 జనవరిలో 5,50,000 నుంచి 7,50,000 డాలర్లకు పెంచారు, ఇప్పుడది ఏటా పెరుగుతుంది. పాత పద్ధతిలో డిపాజిట్ పూర్తిగా తిరిగొచ్చేది. 2025 నవంబర్ 1 తర్వాత చేరినవాళ్ల డిపాజిట్‌లో ఏడాదికి 2 శాతం చొప్పున ఐదేళ్ల వరకు కేర్ హోమ్ ఉంచేసుకుంటుంది. రోజువారీ పద్ధతి ఎంచుకున్నా పాతరోజుల్లాగా ఒకే అంకె ఉండదు, మార్చిలో, సెప్టెంబర్‌లో ధరలతో పాటు పెరుగుతుంది.

5 లక్షల డాలర్ల గది తీసుకుని చూద్దాం. గది ధరని రోజువారీ మొత్తంగా మార్చడానికి 2025 చివరి మూడు నెలల్లో ప్రభుత్వం చెప్పిన వడ్డీ రేటు 7.61 శాతం. అంటే రోజువారీ అయితే 104.25 డాలర్లు, ఏడాదికి 38 వేలు. డిపాజిట్ అయితే మొదటి ఏడాది కోత 10 వేలు. దానికి తోడు ఆ డబ్బు బ్యాంకులో ఉంటే 4 శాతం వచ్చేదనుకుంటే పోగొట్టుకున్న వడ్డీ 20 వేలు. మొత్తం 30 వేలు. అమ్మానాన్నల సొంత డబ్బు ఖాళీగా బ్యాంకులో ఉంటే డిపాజిటే మేలు. పైగా ఆర్‌ఏడీని పెన్షన్ ఆస్తుల లెక్కలో కలపరు, అదే డబ్బు బ్యాంకులో ఉంటే కలుపుతారు.

కానీ కొడుకో కూతురో తమ డబ్బు పెడుతున్నప్పుడు లెక్క తిరగబడుతుంది. మీకు 6 శాతం వడ్డీ హోమ్ లోన్ ఉంది, ఆ లోన్ వడ్డీని తగ్గించే ఆఫ్‌సెట్ ఖాతాలో 5 లక్షలు ఉన్నాయి అనుకోండి. ఆ డబ్బు తీసి డిపాజిట్ కడితే లోన్ మీద ఏడాదికి 30 వేల వడ్డీ పెరుగుతుంది. కోత 10 వేలు కలిపితే 40 వేలు. రోజువారీ పద్ధతి 38 వేలే. ఇలాంటప్పుడు రోజువారీ కట్టడమే నయం, డబ్బు మీ చేతిలో ఉంటుంది కూడా. పొలం అమ్మి డబ్బు తేవాల్సి వస్తే మరీ తొందర పడకండి. అక్కడి పన్ను, రూపాయి మారకం, అన్నదమ్ముల సంతకాలు, ఇవన్నీ తెమలడానికి నెలలు పడుతుంది. చేరిన తర్వాత ఎలా కట్టాలో నిర్ణయించుకోవడానికి 28 రోజులు టైమ్ ఇవ్వాలని రూల్. ముందే డిపాజిట్ ఒప్పుకుంటేనే గది ఇస్తామని ఎవరైనా ఒత్తిడి చేస్తే లొంగకండి.

ఇంకొక మాట. పిల్లల్లో ఒకరు కట్టిన డిపాజిట్ అయినా, తర్వాత తిరిగొచ్చేది ఆ పెద్దావిడ ఆస్తిలోకే. వీలునామాలో ముగ్గురికి సమానమని ఉంటే పెట్టినవాడి డబ్బు ముగ్గురికీ పంపకమవుతుంది. లాయర్ దగ్గర ఒక కాగితం రాసుకోవడం నమ్మకం లేక చేసే పని కాదు, తర్వాత మాట పడకుండా ఉండటానికి. కేర్ హోమ్ దివాలా తీస్తే ఏమిటన్న భయం మాత్రం అక్కర్లేదు, ఈ డిపాజిట్లకు ప్రభుత్వ హామీ ఉంది.

రెండింటినీ పక్కపక్కన పెడితే

కేర్ హోమ్‌లు ఒక్కో మనిషికి సగటున రోజుకి 215 నిమిషాల సంరక్షణ ఇవ్వాలని, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి కావాలని నియమం ఉంది. 24 గంటలూ నర్సు అక్కడ ఉండాలి. ఇంట్లో అతి పెద్ద లెవెల్‌లో కూడా వచ్చేది రోజుకి రెండు గంటల లోపని పైన చూశాం. 215 నిమిషాలు సగటే, ప్రతి ఒక్కరికీ గడియారం పెట్టి ఇవ్వరు. అయినా రాత్రి రెండింటికి బెల్ నొక్కితే మనిషి రావడం అనేది ఇంటి బడ్జెట్‌తో కొనలేనిది.

అందుకే నా సలహా ఇలా ఉంటుంది. రాత్రి నిద్ర సరిగ్గా పడుతూ, పగలు రెండు మూడు పనులకే సాయం కావాల్సినంత కాలం ఇల్లే మేలు. అప్పుడు డబ్బు పరంగా కూడా ఇల్లే చవక. రాత్రి లేవడం, దారి తప్పి బయటికి వెళ్లిపోవడం, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేకపోవడం మొదలయ్యాక ఇంటి లెక్క చెడుతుంది. అక్కడి నుంచి బడ్జెట్ చాలదు, ఇంట్లోవాళ్ల ఆరోగ్యం దెబ్బతింటుంది. ఆ దశలో కేర్ హోమ్ అంటే అమ్మని వదిలేయడం కాదు. పగలు పిల్లలుగా పక్కన కూర్చునే వీలు దొరకడానికి రాత్రి పని వేరేవాళ్లకి అప్పగించడం. "నలుగురూ ఏమనుకుంటారు" అని ఒకరిద్దరు నిద్రలేకుండా ఏళ్లు గడపడం నాకు సరైన ప్రేమగా అనిపించదు.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే రెస్పైట్ తీసుకోండి. ఏడాదికి 63 రోజుల వరకు కేర్ హోమ్‌లో తాత్కాలికంగా ఉండొచ్చు. బేసిక్ డైలీ ఫీజు కడితే చాలు, గది డబ్బు ఉండదు. రెండు వారాలు ఉంచి చూస్తే బ్రోషర్ చెప్పని సంగతులన్నీ తెలుస్తాయి.

తిండి, భాష: వీటిని చిన్న విషయాలనుకోకండి

చాలా కేర్ హోమ్‌లలో రాత్రి భోజనం సాయంత్రం ఐదింటికే వడ్డిస్తారు. ఎనిమిదింటికి పెరుగన్నం తినే అలవాటున్న మనిషికి ఇది పెద్ద మార్పు. చూడటానికి వెళ్లినప్పుడు భోజనం వేళకే వెళ్లండి. శాకాహారం ఉందా అని అడిగితే అందరూ ఉందంటారు. ఈ వారం మెనూ చూపించమనండి. కోడిగుడ్డు లేకుండా, చికెన్ సూప్ వాడకుండా ఏమేం ఉన్నాయో విడిగా అడగండి. ఏకాదశి రోజు ఏం పెడతారు? ఇంటి నుంచి పప్పు, చారు తెచ్చి వేడి చేసి పెట్టొచ్చా? కొత్త నాణ్యతా ప్రమాణాల్లో ఆరోది పూర్తిగా ఆహారం గురించే. అందుకే ఇది అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ప్రత్యేక భోజనం, పెద్ద టీవీ ప్యాకేజీ లాంటి వాటికి హయ్యర్ ఎవ్రీడే లివింగ్ ఫీజు అని అదనంగా అడగొచ్చు. కానీ చేరకముందే దానికి సంతకం తీసుకోకూడదు. చేరాక ఒప్పుకున్నా 28 రోజుల్లోపు వద్దనొచ్చు. దేనికెంతో విడివిడిగా చూపించాలి.

భాష సంగతి ఇంకా బరువైనది. డిమెన్షియా ముదిరినప్పుడు తర్వాత నేర్చుకున్న ఇంగ్లీష్ ముందు పోతుంది, తెలుగు మిగులుతుంది. 2021 జనగణన నాటికే ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలమంది ఉన్నారు. పెద్ద నగరాల్లో తెలుగు వచ్చిన కేర్ వర్కర్ దొరకడం అసాధ్యం కాదు. ఇంటి సేవల్లో మీరే అలాంటి మనిషిని వెతికి, ప్రొవైడర్ ద్వారా పెట్టమని అడగండి. ఇంటి సేవలకున్న అతి పెద్ద లాభం నా దృష్టిలో ఇదే. కేర్ హోమ్ అయితే నైట్ షిఫ్ట్‌లో తెలుగో హిందీనో వచ్చినవాళ్లు ఉన్నారా అని అడగండి. మంచినీళ్లు, నొప్పి, బాత్‌రూమ్, భయంగా ఉంది, ఇలాంటి ఇరవై మాటలు ఇంగ్లీష్ లిపిలో రాసి మంచం పక్కన అంటించండి.

ఇండియా పంపేస్తే?

కొందరు మూడో దారి చూస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మంచి వృద్ధాశ్రమంలో చేర్చడం, లేదా సొంత ఇంట్లో ఇద్దరు మనుషుల్ని పెట్టడం. గంటల పరంగా అక్కడ ఎక్కువ సాయం దొరుకుతుంది, భాష, తిండి సమస్య ఉండదు. కానీ సపోర్ట్ ఎట్ హోమ్ డబ్బు అక్కడ పనికిరాదు. ఆస్ట్రేలియా ఏజ్ పెన్షన్ వస్తున్నవాళ్లు 26 వారాలకు మించి బయట ఉంటే, పని వయసులో ఇక్కడ ఎన్నేళ్లున్నారో దాన్ని 35 ఏళ్లతో పోల్చి పెన్షన్ తగ్గిస్తారు. అరవై దాటాక వచ్చినవాళ్లకి మిగిలేది చాలా తక్కువ. పిల్లలందరూ ఇక్కడే ఉండి అక్కడ చూసే దగ్గరివాళ్లు ఎవరూ లేకపోతే నేను ఈ దారి చెప్పను. అక్కడ అక్కో చెల్లెలో ఉండి, అమ్మే వెళ్తానంటుంటే అది వేరే సంగతి.

ఏది ఎంచుకున్నా, అమ్మానాన్నలు తమ మాట తాము చెప్పగలిగే రోజుల్లోనే రెండు పనులు పూర్తి చేయండి. ఒకటి, మై ఏజ్డ్ కేర్‌లో మిమ్మల్ని రిజిస్టర్డ్ సపోర్టర్‌గా రాయించడం. కొత్త చట్టంలో మీకు సమాచారం అందాలంటే ఇదే దారి. అయితే సపోర్టర్ అయినంత మాత్రాన వాళ్ల బదులు నిర్ణయం తీసుకునే అధికారం రాదు. దానికి రెండోది కావాలి, మీ రాష్ట్ర చట్టం ప్రకారం ఎండ్యూరింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తర్వాత వాళ్లకి నిర్ణయించుకునే శక్తి పోయినా చెల్లే అధికార పత్రం. సంతకం పెట్టేవాళ్లకి తాము ఏం రాసిస్తున్నారో తెలిసినప్పుడే అది చెల్లుతుంది. ఆ కాగితం లేకుండా మతిమరుపు ముదిరితే డిపాజిట్ కట్టాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా రాష్ట్ర ట్రైబ్యునల్‌కి వెళ్లి అనుమతి తెచ్చుకోవాల్సి వస్తుంది. ఇండియాలోని ఆస్తికి ఇక్కడి పవర్ ఆఫ్ అటార్నీ నేరుగా పనికిరాదు, అక్కడి లాయర్‌తో మాట్లాడి దానికి విడిగా రాయించండి.